పై అంచు నుంచి బెత్తెడు

"నువ్వు తుడిస్తే నేను మళ్లీ పెడతా."

"నువ్వు పెడితే నేను మళ్లీ తుడుస్తా అత్తా."

"శుక్రవారం పూట పెట్టిన బొట్టు తుడిచే ఆడది యాడన్నా ఉండాదా? నువ్వే సెప్పు శేఖరా."

శేఖర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆఫీసుకు టైమైందన్నాడు. ఎనిమిదిన్నరకు మదనపల్లెలో ఏ కరెంటాఫీసూ తలుపు తీయదని ఇంట్లో అందరికీ తెలుసు. వరండాలో రేడియో వింటున్న మామ గోవిందప్ప, కోడలూ అత్తా తననెక్కడ తీర్పు అడుగుతారోనని రేడియో సౌండు కొంచెం పెంచాడు.

కంప్యూటరు ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది. ఏడాదిగా ప్రతి శుక్రవారం ఇదే గొడవ. మునిరత్నమ్మ తలస్నానం చేసి గడపకూ, గ్రైండరుకూ, గ్యాసు సిలిండరుకూ, కొడుకు స్కూటరుకూ పసుపు రాసి కుంకుమ పెడుతుంది. మొదటివారం కంప్యూటరు వెనక డబ్బా మీద పెట్టమంటే ఆమె ఒప్పుకోలేదు. వీపున బొట్టు పెట్టించుకునేది ఎవరని అడిగింది. ముఖం అంటే బొమ్మ కనబడే అద్దమే కాబట్టి అద్దం మీదే పెట్టింది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. పై అంచు నుంచి నాలుగు వేళ్లు అడ్డంగా ఆనించి బెత్తెడు కొలిచి, కుడి ఎడమలు సమానంగా చూసుకుని పెడుతుంది. ఆ కొలత ఏనాడూ వెంట్రుకవాసి తప్పలేదు.

"ఆ బొట్టు కింద ఏముందో నాకు కనబడదత్తా. అక్షరాలు దాని కిందికి పోతాయి."

"అక్షరాలను పక్కకు జరుపుకో. నీ చేతిలో పనే కదా."

ఆదిలక్ష్మికి అదే మండింది. అక్షరాలను పక్కకు జరుపుకోవడం తన చేతిలో పనే అయితే, ఈ పాటికి పుంగనూరులో పరువు దక్కేది.

విషయం ఏమిటంటే, పెళ్లికి ముందు ఆదిలక్ష్మి కంప్యూటరు కోర్సు చేసింది. పెళ్లయి, భవ్య పుట్టి, ఆ పిల్ల ఒకటో తరగతికి వచ్చాక, తనకు విజువల్ బేసిక్‌లో ప్రోగ్రాంలు రాసే పని చేసుకోవాలని ఉందని మొగుడికి చెప్పింది. శేఖర్ సరేనన్నాడు గానీ ఒక మాట పెట్టాడు. ఏడాది చూద్దాం, ఏడాదిలోగా ఒక్కరైనా నీ ప్రోగ్రాం వాడకపోతే వీధి చివరి ప్రైవేటు బడిలో టీచరుగా చేరిపో. మునిరత్నమ్మ ఏడాది దాకా ఆగలేదు. కోడలు చేరుతుందని బడి వాళ్లకు మొన్ననే మాట ఇచ్చేసింది. సోమవారం బడి తెరుస్తారు.

ఆ ఏడాదిలో దొరికిన ఒకే ఒక్క పని పుంగనూరు దగ్గరి పాల కేంద్రానిది. దాని ప్రెసిడెంటు నారాయణప్ప మునిరత్నమ్మకు పెద్దనాన్న కొడుకు. ఆ కేంద్రంలో పాలు పోసేవాళ్లు నూటనలభై మంది, వాళ్లలో కృష్ణమ్మలు పదకొండు మంది. ఒక కృష్ణమ్మ పాలు ఇంకో కృష్ణమ్మ పేరున రాయడం, ఇద్దరూ కొంగులు బిగించి రావడం రోజూ జరిగేదే. అందుకని ఆదిలక్ష్మి ఒక ఉపాయం చేసింది. మునస్వామి అనే గుమాస్తా స్క్రీన్ మీది పెట్టెలో సభ్యుల నంబరు కొట్టగానే, సరిగ్గా ఆ పెట్టె కింద ఒక చిన్న కిటికీ తెరుచుకుని ఆ మనిషి ఫోటో కనబడుతుంది. ముఖం చూసి పాలు పోయించుకోవడమే.

ఇంట్లో అది అద్భుతంగా పనిచేసింది. పరీక్ష కోసం ఒకటో నంబరు గోవిందప్పకు ఇచ్చింది. ఒకటి కొట్టగానే పెట్టె కిందనే గోవిందప్ప దర్శనమిచ్చేవాడు. శుక్రవారాలైతే అత్తగారి బొట్టు తిన్నగా ఆయన నొసట పడేది. నలభై ఏళ్ల సంసారంలో మొగుడి నొసట బొట్టు చూడటం అదే మొదటిసారని మునిరత్నమ్మ మురిసిపోయింది.

బుధవారం దాన్ని పుంగనూరు తీసుకుపోయి నారాయణప్ప ముందర, క్యాన్లతో వరసలో నిలబడ్డ జనం ముందర నడిపించింది. ఫోటో వచ్చింది. కానీ పెట్టె కింద కాదు, పెట్టె మీదనే వచ్చి కూర్చుంది. మునస్వామికి తాను కొట్టే నంబరు కనబడలేదు. కళ్లకు గంతలు కట్టుకుని కొట్టినట్టు ముప్పైఏడుకు డెబ్బైమూడు కొట్టాడు. ముప్పైఏడు చౌడేపల్లె రోడ్డు కృష్ణమ్మది. డెబ్బైమూడు ఒక కోరమీసాల రైతుది.

"నా పాలకు మీసాలు మొలిచినాయే!" అని కృష్ణమ్మ వీధి అదిరేట్టు అరిచింది. వరసలో నవ్వని మనిషి లేడు. ఆమె క్యాను మూత బిగించి వెనక్కి తిరిగింది. నారాయణప్ప ఒక్కటే మాట అన్నాడు.

"శనివారం సాయంత్రం పాలకు సరిగ్గా రావాలమ్మా. రాకుంటే మా నోటుబుక్కే మాకు మేలు."

బుధవారం నుంచి ఆదిలక్ష్మి చేయని ప్రయత్నం లేదు. ఇంటికొచ్చి నడిపిస్తే ఫోటో బుద్ధిగా పెట్టె కిందికే వస్తోంది. ఇరవైసార్లు నడిపితే ఇరవైసార్లూ అంతే. చుట్టాల ముందర అల్లరి చేసి, వాళ్లు పోగానే పలకా బలపం తీసుకుని కూర్చునే పిల్లలా ఉంది దాని వ్యవహారం.

"ఆడ పైకి పోతాండాదంటున్నావు కదా," అన్నాడు శేఖర్ శుక్రవారం సాయంత్రం టీ తాగుతూ. "ఈడే రెండు వేళ్లు కిందికి దించి పంపించు. ఆడికిపోయి సరిపోతాది."

"ఎందుకు పైకి పోతాందో తెలీకుండా దించితే, రేపు ఇంకోచోట ఎంత పోతుందో?"

"ఇంకోచోట సంగతి ఎందుకు? ముందు ఈ చోట గట్టెక్కు."

ఆ మాటలో న్యాయం ఉందనిపించి ఆమె అలాంటిదొకటి కూడా చేసి వేరే ఫ్లాపీలో పెట్టుకుంది. దాని మీద ఏమీ రాయలేదు. రాయాలంటే సిగ్గేసింది.

శనివారం పొద్దున బస్టాండుకు బయలుదేరుతుంటే మునిరత్నమ్మ కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"నువ్వెక్కడికత్తా?"

"నీతోనే."

"నేను ఓడిపోతే నీకు మంచిదే కదా. బడికి పోతా."

"ఓడేది ఉంటే ఇంట్లో ఓడు," అంది మునిరత్నమ్మ చెప్పులు తొడుక్కుంటూ. "మా అన్న ముందర ఓడొద్దు. రేపు పెండ్లిండ్లల్లో, పేరంటాల్లో తలెత్తుకోవాల్సింది నేను."

బస్సులో ఆమె రెండు సీట్ల కోసం ముగ్గురితో పోట్లాడి, కిటికీ పక్కన కోడలిని కూర్చోబెట్టింది. దారి మధ్యలో, "ఆ ఫోటోలన్నీ తీసేసి, పేర్లకు ముందర ఇంటిపేర్లు రాయరాదా?" అంది. పదకొండు మంది కృష్ణమ్మల్లో నలుగురిది ఒకే ఇంటిపేరని ఆదిలక్ష్మి చెప్పింది.

పాల కేంద్రంలో మునస్వామి నేల కడిగి, కంప్యూటరు మీది గుడ్డ తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నారాయణప్ప కుర్చీలో కూర్చుని చెల్లెలికి సోడా తెప్పించాడు. కంప్యూటరు కూడా శేఖర్ కొన్న షాపులో కొన్నదే, అదే సైజు. మునిరత్నమ్మ దాని ముందుకు పోయి వంగి చూసింది.

"నిన్న శుక్రవారం పోయింది. దీని ముఖాన బొట్టు లేదేం అన్నా? మీ ఇంట్లో ఆడోళ్లు ఈడికి రారా?"

"ఆఫీసు కదమ్మే."

"ఆఫీసైతే? ముఖం ముఖం కాదా?"

కొంగుముడిలోంచి కుంకుమ భరిణ వచ్చింది. పై అంచు నుంచి నాలుగు వేళ్లు అడ్డంగా ఆనించి, కుడి ఎడమలు చూసి, బొట్టు పెట్టింది. తుడిచే ఓపిక ఆదిలక్ష్మికి లేకపోయింది. కూర్చుని ప్రోగ్రాం తెరిచి, పరీక్షకు ఒకటో నంబరు కొట్టింది. గోవిందప్ప వచ్చాడు. బుధవారం లాగే, పెట్టెను పూర్తిగా కప్పేసి కూర్చున్నాడు.

"అదే అక్కా," అన్నాడు మునస్వామి విచారంగా. "మళ్లీ మీదెక్కినాడు."

మునిరత్నమ్మ మాత్రం సంతోషపడింది. "సూడు, మీ మామకు ఈడ కూడా తిన్నగా నొసట్నే పడింది బొట్టు. మన ఇంట్లో ఎట్లనో అట్లనే."

ఆదిలక్ష్మి సంచిలోంచి పేరు రాయని ఫ్లాపీ తీయబోతూ ఆగింది.

"ఏమన్నావత్తా?"

"ఏమీ అన్లేదమ్మా. బొట్టు బాగుండాదన్నా."

"బెత్తెడేనా? సరిగ్గా కొలిచినావా?"

మునిరత్నమ్మ ముఖం ఎర్రబడింది. "నా కొలతకు వంక పెట్టినోళ్లు ఈ వంశంలో లేరు. మా అత్త కూడా పెట్టలేదు." అని మళ్లీ నాలుగు వేళ్లు ఆనించి చూపించింది. బెత్తెడే. నొసలే.

ఆదిలక్ష్మి ఆ నాలుగు వేళ్లనూ, వాటి కింది ఫోటోనూ మళ్లీ చూసింది. మూడు రోజులుగా ఆమె ఫోటో ఎందుకు పైకి ఎగబాకుతోందా అని వెతికింది. ఫోటో ఎక్కడికీ ఎగబాకలేదు. ఇంట్లో అద్దం మీద ఎక్కడుందో ఇక్కడా సరిగ్గా అక్కడే ఉంది. నంబరు కొట్టే పెట్టె తానే కిందికి దిగి వచ్చి ఫోటో కింద దూరింది. పెట్టె ఒక్కటే కాదు, అది అతుక్కుని ఉన్న పెద్ద కిటికీ, ఫారం అనేది, మొత్తం దిగింది.

ఎందుకు దిగింది? ఆమె తలెత్తి అద్దం పైఅంచు చూసింది. స్టార్టు బటన్ ఉండే బూడిదరంగు పట్టీ, అందరి కంప్యూటర్లలో కింద ఉండేది, ఇక్కడ పైన ఉంది. బుధవారం కూడా అక్కడే ఉంది. చూసింది కూడా. ఎవరింట్లో మంచం ఏ గోడకు వేసుకుంటే మనకేమని పట్టించుకోలేదు.

పట్టీ పైన కూర్చోవడంతో ఫారం దాని కింద నుంచి మొదలైంది. ఆదిలక్ష్మి మాత్రం ఫారం అద్దం అంచు నుంచే మొదలవుతుందని నమ్మింది. ఫారంలో పై నుంచి పెట్టె ఎంత దూరంలో ఉందో లెక్కవేసి, ఆ దూరాన్నే ఫోటోకు చెప్పింది. ఫోటో వేరే కిటికీ కాబట్టి, అది ఆ దూరాన్ని అద్దం అంచు నుంచి కొలుచుకుంది. పొయ్యి గోడ నుంచి మూడడుగులని చెబితే, వచ్చినవాడు వీధి గుమ్మం నుంచి మూడడుగులు కొలిచి అరుగు మీద కూర్చున్నట్టు అయింది. ఇంట్లో పట్టీ కిందనే ఉంది కాబట్టి రెండు కొలతలూ ఒక్కటై, తప్పు ఇన్నాళ్లూ దాగి ఉంది.

"ఈ పట్టీ పైకెట్లా వచ్చింది?" అని అడిగింది.

"నేనే పెట్టిచ్చినా," అన్నాడు నారాయణప్ప తీరిగ్గా. "పలమనేరు నుంచి వాస్తు ఆయన వచ్చినాడు ఉగాదికి. కేంద్రమంతా చూసి, క్యాన్లు ఈడ పెట్టు, తూకం ఆడ పెట్టు అని సెప్పి, దీన్ని కూడా చూసినాడు. పటం మాదిరి పైన ఉత్తరం, కింద దక్షిణం కదా? స్టార్టు అంటే ఏమి? ఆరంభం. ఆరంభం దక్షిణంలో ఉంటే పాలు విరగవా?"

"నిజమే కదన్నా," అంది మునిరత్నమ్మ.

"పట్టీని కిందికి లాగేస్తే సరిపోతాది కదక్కా," అన్నాడు మునస్వామి మౌసు మీద చెయ్యి వేస్తూ.

"చెయ్యి తియ్!" అన్నాచెల్లెళ్లు ఒక్కసారే అరిచారు.

మునస్వామి చెయ్యి తీశాడు. ఆదిలక్ష్మికి మాత్రం నవ్వు వచ్చింది, బుధవారం తర్వాత మొదటిసారి. "పట్టీ మీ ఇష్టం వచ్చిన దిక్కున పెట్టుకోండి పెదనాయనా. మార్చాల్సింది నేను."

మార్చాల్సింది పది వరసలు కూడా లేదు. పెట్టె ఫారంలో ఎక్కడుందని ఫారంనే అడిగి తాను కూడికలు వేసుకోవడం మానేసి, ఈ పెట్టె ఈ క్షణాన అద్దం మీద ఎక్కడుందని తిన్నగా విండోస్‌నే అడగాలి. అడిగితే అది నాలుగు అంకెలు చెబుతుంది: ఎడమ, పై, కుడి, కింద. ఆ కింద అంకె దగ్గర ఫోటోను నిలబెట్టాలి. ఆదిలక్ష్మి అవన్నీ రాసి, ఒకటి కొట్టింది.

గోవిందప్ప మాయమయ్యాడు.

"యాడికి పాయె?" అంది మునిరత్నమ్మ కంగారుగా.

"అదో, ఆ మూలకు పోయినాడు," అన్నాడు మునస్వామి. నిజమే. ఎడమవైపు పైమూలలో, పట్టీ వెనక సగం దాక్కుని, గోవిందప్ప నోరూ గడ్డమూ మాత్రం కనబడుతున్నాయి.

"వాయవ్యం," అన్నాడు నారాయణప్ప ఆలోచనగా. "అతిథుల మూల. మా బావ ఎప్పుడొచ్చినా అతిథే కదా. ఉండనీలేమ్మా."

"నువ్వు ఊరుకోన్నా! ఆ మనిషికి అసలే దిక్కులు తెలీవు."

ఆదిలక్ష్మికి సంగతి వెంటనే తట్టింది. విండోస్ దూరాన్ని అద్దం మీది చుక్కలుగా చెబుతుంది. విజువల్ బేసిక్‌కు చుక్కలు ఆనవు, ఒక్కో చుక్కను పదిహేను ముక్కలు చేసి కొలుస్తుంది. ఇది మూడువందల చుక్కలంటే అది మూడువందల ముక్కలనుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. పదిహేనుతో హెచ్చించి మళ్లీ కొట్టింది.

గోవిందప్ప వచ్చి, పెట్టె కింద, ఒక్క గీత అటూ ఇటూ లేకుండా, నిలబడ్డాడు. బొట్టు ఈసారి ఆయన తల మీదుగా పైన ఎక్కడో ఉంది. దానితో ఇప్పుడు పని లేదు.

"ఇంకా ఉంది," అంది ఆదిలక్ష్మి. "పెదనాయనా, ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి."

"యాల?"

"పట్టీ దక్షిణానికి తీసుకుపోతాండాను. పరీక్షకు."

నారాయణప్ప గోడ మీది దేవుడి పటాన్ని చూసి, రాహుకాలం ఉందేమోనని క్యాలెండరు చూసి, కళ్లు మూసుకున్నాడు. పట్టీ కిందికి పోయింది, ఎడమకు పోయింది, కుడికి పోయింది. ఆదిలక్ష్మి ఫారంను సగానికి కుదించి ఒక మూలకు ఈడ్చింది. ఎక్కడ పెట్టి నంబరు కొట్టినా ఫోటో వెతుక్కుంటూ వచ్చి పెట్టె కిందే నిలబడింది. పట్టీ మళ్లీ ఉత్తరానికి చేరాక మునస్వామి, "కళ్లు తెరవండి సార్, ఏమీ విరగలేదు," అన్నాడు.

సాయంత్రం పాలకు జనం మామూలుకంటే ముందే వచ్చారు. కృష్ణమ్మ పాలకు ఈసారి ఏం మొలుస్తాయో చూద్దామని పాలు లేనివాళ్లు కూడా వచ్చారు. చౌడేపల్లె రోడ్డు కృష్ణమ్మ వరసలో ఆఖరున నిలబడి, అందరివీ సరిగ్గా వస్తున్నాయని నమ్మకం కుదిరాక ముందుకొచ్చింది. మునస్వామి ముప్పైఏడు కొట్టాడు. తాను కొట్టింది తన కళ్లతో చూసుకున్నాడు. దాని కింద కృష్ణమ్మ ముఖం వచ్చింది.

ఆమె అద్దం దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"కమ్మలు లేవే," అంది చివరికి.

"ఏందమ్మా?"

"ఫోటో తీసినప్పుడు కమ్మలు కుదవలో ఉండె. ఇప్పుడు ఇడిపించుకున్యా. ఇంకో ఫోటో తియ్యండి, లేకుంటే పొయ్యను."

ఇంకో ఫోటో తీస్తామని ఆదిలక్ష్మి మాట ఇచ్చింది. కృష్ణమ్మ క్యాను మూత తీసింది. నారాయణప్ప నోటుబుక్కు మూసి మునస్వామి చేతికిచ్చి బీరువాలో పెట్టమన్నాడు.

"పెద్దపంజాణిలో మనోళ్ల కేంద్రం ఒకటుండాది," అన్నాడు వాళ్లను బస్సెక్కించడానికి వస్తూ. "కుప్పంలో రెండుండాయి. కుప్పం వాళ్లు పోయిన నెల్లో ఎవురి దగ్గరో ఏదో ప్రోగ్రాం తెచ్చుకుని, అది ఆడ పనిచెయ్యక మూలన పడేసినారు. నీ సంగతి వాళ్లకు సెప్తా. అయితే వాళ్లు ఏది యాడ పెట్టుకుండారో నాకు తెల్దమ్మా. వాళ్లకు వాస్తు అరవనాడు నుంచి వస్తాది."

బస్సులో మునిరత్నమ్మ కోడలి భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఆదిలక్ష్మికి నిద్ర రాలేదు. ఇల్లు చేరేదాకా నారాయణప్ప చివరన అన్న మాటే తలలో తిరిగింది. ఇంట్లో కూర్చుని రాసింది ఇంట్లోనే సరిపోతుంది. మదనపల్లెలో ఆ బల్ల ముందు ఇంకో పదేళ్లు కూర్చున్నా, ఆ పట్టీ పైన ఉండొచ్చని తనకు తట్టేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. సంగటి, ఊరిబిండి, మునక్కాయ పులుసు. మునిరత్నమ్మ వడ్డిస్తూ పుంగనూరు కథ మూడోసారి చెబుతోంది. ఈసారి కథలో కృష్ణమ్మ ఆదిలక్ష్మి చేతులు పట్టుకుని ఏడ్చింది. తన ఫోటో మూలకు పారిపోయిందన్న చోట గోవిందప్ప మూడోసారి కూడా నొచ్చుకున్నాడు. భవ్య మాత్రం అదే చోట మళ్లీ చెప్పమంది.

"అంతా బాగుండాది," అన్నాడు శేఖర్. "బడి వాళ్లకేం సెప్పేది? సాయంత్రం ఇంటికొస్తామన్నారు."

"అదే నేనూ ఆలోచిస్తాండా," అంది మునిరత్నమ్మ గరిటె పట్టుకుని. "మాటిచ్చింది నేను. ఒక్క కేంద్రం గట్టెక్కినంత మాత్రాన ఇప్పుడెట్ల కాదంటాము? పొద్దున బడికి పోనీ, సాయంత్రం దీనికి కూసోనీ. ఏమంటావు శేఖరా?"

"అట్లయినా చెయ్యొచ్చు."

"మీ నాయన ఏమంటాడో."

"నన్నడగొద్దు," అన్నాడు గోవిందప్ప. "నాకు దిక్కులు తెలీవంట కదా."

ఆదిలక్ష్మి భవ్యకు సంగటి ముద్ద చల్లార్చి పెట్టి, చెయ్యి కడుక్కుని, తన పళ్లెం ముందు కూర్చుంది. ఎప్పుడూ మాట్లాడే గొంతుకంటే కొంచెం చిన్న గొంతుతోనే చెప్పింది.

"బడి వాళ్లు సాయంత్రం రారు. పొద్దున పాల ప్యాకెట్టుకు పోయినప్పుడు వాళ్లింటికి పోయి రాలేనని నేనే చెప్పొచ్చినా. రేపట్నుంచి వారానికి మూడు రోజులు నేను ఇంట్లో ఉండను. రేపు పెద్దపంజాణి, ఎల్లుండి పుంగనూరు, గురువారం పొద్దున మొదటి బస్సుకు కుప్పం. ఆ మూడు రోజులు భవ్యను మామ బడికాడ దిగబెట్టాలి. ఆ మూడు రాత్రులూ వంట శేఖర్‌ది. అత్తా, ఆ పులుసు ఇట్లా జరుపు."